అక్వేరియం ఫొటోలకి ఏ కెమెరా కొనాలి? ముందు చేపని కొలవండి, కెమెరా సంగతి తర్వాత

ఇంట్లో ట్యాంక్ పెట్టుకున్నవాళ్ళు కలిసినప్పుడల్లా నన్ను అడిగేది ఇదే: "అన్నా, ఫోన్‌లో చేపలు సరిగ్గా రావట్లేదు, ఏ కెమెరా తీసుకోమంటావ్?" నేను వెంటనే మోడల్ పేరు చెప్పను. మీవి ఏ చేపలు, ఎంత పొడుగున్నాయి, ట్యాంక్ ఎన్ని అడుగులు, పైన లైట్ ఏముంది అని తిరిగి అడుగుతా, కొంతమందికి విసుగొస్తుంది కూడా, కానీ అవి తెలియకుండా పేరు చెప్తే మీ డబ్బులు వేస్ట్ అయ్యే ఛాన్సే ఎక్కువ.

చేపలతో కష్టాలు నాలుగు. చిన్నగా ఉంటుంది, ఒకచోట ఆగదు, వెలుతురు చాలదు, మధ్యలో గాజూ నీళ్ళూ ఉంటాయి. ఇందులో కెమెరా బాడీ (లెన్స్ లేకుండా ఒట్టి కెమెరా) తీర్చేది కొంచెమే, ఎక్కువ పని లెన్సూ లైటూ చేస్తాయి. అయినా ఉన్న బడ్జెట్ అంతా బాడీకి పెట్టేసి, దాంతోపాటు వచ్చిన కిట్ లెన్స్‌తో నియాన్ టెట్రా తీయబోయి, ఫొటోలో చేప చీమంత వచ్చిందని కెమెరాని బీరువాలో పెట్టేసినవాళ్ళని చాలామందిని చూశా. ట్యాంక్‌ని అంత ప్రేమగా చూసుకునేవాళ్ళకి ఇలా అవుతుంటే బాధగా ఉంటుంది, అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నా.

కొనే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక స్కేలు, ప్రో మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) ఉన్న ఫోన్ (మీది కాకపోతే ఫ్రెండ్‌ది అడగండి, పది నిమిషాల పనే), చిన్న టార్చ్, కాగితం పెన్ను. షాపుకి వెళ్ళేటప్పుడు ఖాళీ మెమరీ కార్డ్ కూడా జేబులో వేసుకోండి.

1. మీ చేప పొడవు మిల్లీమీటర్లలో రాసుకోండి

చేప గాజు దగ్గరికి వచ్చినప్పుడు బయట స్కేలు ఆనించి చూడండి, ఉజ్జాయింపుగా తెలిస్తే చాలు. నియాన్ టెట్రా 30 ఉంటుంది, మగ గప్పీ కూడా అంతే అటూఇటూ, ఫైటర్ 60 దాకా, ఏంజెల్ 100 పైన, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటివైతే 200 కూడా దాటుతాయి. ట్యాంక్‌లో చాలా రకాలుంటే మీరు ఎక్కువగా తీయాలనుకునేది ఏదో అది తీసుకోండి. అన్నిటికీ ఒకే కెమెరా ఒకే లెన్స్ అని మొదలుపెడితే ఏదీ తేలదు.

2. లైట్ ఎంతుందో ఫోన్‌తో కొలవండి

రాత్రి రూమ్ లైట్లు ఆపేసి ట్యాంక్ లైట్ మాత్రం ఉంచండి. ఫోన్ ప్రో మోడ్‌లో మెయిన్ కెమెరా పెట్టి షట్టర్ 1/200 (ఫొటోకి వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 200వ వంతు) సెట్ చేసి ఐఎస్ఓ (కెమెరా బొమ్మ వెలుగుని ఎంత పెంచుతుందో చెప్పే నంబర్) ఆటోలో వదిలేయండి. అలా కుదరని ఫోన్ అయితే చేప కంటికి కనిపించినంత వెలుగ్గా స్క్రీన్ మీద వచ్చేదాకా ఐఎస్ఓ మీరే పెంచుకుంటూ పోండి. ట్యాంక్ మధ్యలో చేప ఉన్నప్పుడు ఆ ఐఎస్ఓ ఎంతుందో రాసుకుని దాన్ని పదితో గుణించండి.

పది ఎందుకంటే ఫోన్ మెయిన్ కెమెరా అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ నంబర్ పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) సాధారణంగా ఎఫ్ 1.8 అటూఇటూ ఉంటుంది, కెమెరా కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6కి పోతుంది, లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పదో వంతు అయిపోతుంది. అంటే ఫోన్‌లో 250 చూపిస్తే కెమెరాలో 2500 కావాలి. ఉజ్జాయింపు లెక్కే గానీ కొనే ముందు చాలా పనికొస్తుంది.

వచ్చిన నంబర్ 3200 లోపుంటే ఫ్లాష్ లేకుండా లాగించేయొచ్చు. 3200 నుంచి 6400 మధ్య అయితే ఫొటో వస్తుంది గానీ ఇసక చల్లినట్టు నాయిస్ ఉంటుంది. 6400 దాటిందంటే ఎంత ఖరీదైన బాడీ కొన్నా సుఖం లేదు, ఫ్లాష్‌కో మంచి ట్యాంక్ లైట్‌కో డబ్బు పక్కన పెట్టండి. కొత్త లైట్‌తో మొక్కలకీ లాభమే కానీ పాచి కూడా పెరుగుతుంది, గంటలు తగ్గించుకుని వాడండి.

3. లైట్ మినుకుమనే రకమా చూడండి

దీన్ని అందరూ వదిలేస్తారు. అదే ప్రో మోడ్‌లో షట్టర్ 1/1000 పెట్టి లైట్ వైపు ఫోన్ పెట్టండి. స్క్రీన్ మీద నల్ల చారలు కదులుతూ కనిపిస్తే మీ ఎల్ఈడీ మన కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉందని అర్థం. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి చవక లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, డిమ్మర్ ఉన్నవి వాటి లెక్కలో అవి మినుకుమంటాయి. అలాంటి లైట్ కింద ఎలక్ట్రానిక్ షట్టర్ (తెర లేకుండా చిప్‌తోనే పనిచేసేది) మాత్రమే ఉన్న కెమెరా వాడితే ఫొటో నిండా అడ్డచారలే. అందుకే మీకు చారలు కనబడితే మెకానికల్ షట్టర్ (లోపల నిజమైన తెర కదిలేది) ఉన్న బాడీయే తీసుకోండి. ఉదాహరణకి సోనీ జెడ్‌వీ-ఈ10లో మెకానికల్ షట్టర్ ఉంది, దాని మార్క్ 2లో తీసేశారు. వీడియోలు తీసేవాళ్ళకి అది పెద్ద లోటు కాదు, చేపల ఫొటోలకి మాత్రం లోటే.

ఉన్న కెమెరాతోనే సర్దుకోవాలంటే డిమ్మర్ ఫుల్‌కి తిప్పి షట్టర్ 1/100 పెట్టి చూడండి, చాలావరకు పోతాయి.

4. అసలు కెమెరా కావాలా?

నిజం చెప్పాలంటే ఏంజెల్, ఆస్కార్, గోల్డ్ ఫిష్ లాంటి పెద్ద చేపలే ఉండి, లైట్ బాగుండి, ఫొటోలు ఫోన్ స్క్రీన్ మీదే చూసుకునేవాళ్ళకి ఇప్పుడొచ్చే ఫోన్ సరిపోతుంది. 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టి, కొంచెం వెనక్కి జరిగి, నైట్ మోడ్ ఆపేసి తీయండి. నైట్ మోడ్ చాలా ఫ్రేములు కలుపుతుంది, ఈదే చేప అందులో అలుక్కుపోతుంది.

ఫోన్‌కి తగిలించే క్లిప్ మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే లెన్స్) కొనొద్దు. అది లెన్స్ ముందు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఫోకస్ అవుతుంది, గాజుకి అతుక్కున్న నత్త తీయడానికి బాగుంటుంది, లోపల ఈదే చేపకి పనికిరాదు.

5. లెన్స్ ఎంచుకోండి, బాడీ కంటే ముందే

అసలు విషయం ఇక్కడుంది కాబట్టి నిదానంగా చదవండి.

ప్రతి లెన్స్ వివరాల్లో మాగ్జిమమ్ మాగ్నిఫికేషన్ అని ఒక నంబర్ ఉంటుంది, 0.21, 0.25, 1.0 ఇలా. మీ చేప పొడవుని దాంతో గుణిస్తే సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే చిప్) మీద చేప బొమ్మ ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో వస్తుంది. మామూలు ఏపీఎస్-సీ కెమెరా సెన్సర్ వెడల్పు కెనాన్‌లో 22, నికాన్ సోనీల్లో 23 పైచిలుకు. చేప బొమ్మ అందులో సగం, అంటే 11 మిల్లీమీటర్లు అయినా రావాలి.

ఇప్పుడు లెక్కేద్దాం. అందరూ చెప్పే కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం, మాగ్నిఫికేషన్ 0.21. నియాన్ 30 కదా, 30 ఇంటూ 0.21 అంటే 6.3. ఫ్రేమ్‌లో మూడో వంతు కూడా లేదు. అదే 100 పొడవున్న ఏంజెల్ అయితే 21, ఫ్రేమ్ నిండిపోయింది! ఒకే లెన్స్ ఒకరికి బంగారం, ఇంకొకరికి దండగ. కెనాన్ 18-55 కిట్ లెన్సుల్లో కూడా పాత ఎఫ్ 3.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం 0.36 దాకా ఇస్తుంది, తర్వాత వచ్చిన ఎఫ్ 4-5.6 ది 0.25. చేపలకి పాతదే మేలు, సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతుంది.

40 లోపు చేపలకి, రొయ్యలకి మాక్రో లెన్స్ తప్పదు. కెనాన్‌కి ఈఎఫ్-ఎస్ 60 ఎంఎం ఎఫ్ 2.8 మాక్రో, నికాన్‌కి 40 ఎంఎం లేదా 85 ఎంఎం మైక్రో, రెండిటికీ దొరికే టామ్రాన్ 90 ఎంఎం మాక్రో, ఇవన్నీ 1.0 ఇస్తాయి. ఇందులో 40 ఎంఎం చవక గానీ పూర్తి మాగ్నిఫికేషన్ కావాలంటే చేప లెన్స్ ముందు కొద్ది సెంటీమీటర్లలో ఉండాలి, గాజు మందం పోను లోపల ఏం మిగలదు. చేపలకి 60 నుంచి 100 మధ్య హాయి. రెండడుగులు, మూడడుగుల ట్యాంక్‌కి నేనైతే 60 తీసుకోమంటా.

ఇంకొకటి, వివరాల్లో రాసే మినిమమ్ ఫోకస్ దూరం లెన్స్ ముందు నుంచి కాదు, సెన్సర్ నుంచి కొలుస్తారు. 35 సెంటీమీటర్లు అని చూసి లెన్స్ ముందు 35 అనుకుని చాలామంది భయపడతారు.

మాక్రోకి డబ్బుల్లేకపోతే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ ఉంది. ఇది లోపల గాజు లేని గొట్టమే, బాడీకి లెన్స్‌కి మధ్య పెడతారు. 50 ఎంఎం లెన్స్‌కి 16 ఎంఎం ట్యూబ్ పెడితే 0.32 కలుస్తుంది, మొత్తం 0.5 దాటుతుంది, నియాన్ ఫ్రేమ్‌లో 15 మిల్లీమీటర్లు వచ్చేస్తుంది. జాగ్రత్త ఏంటంటే బంగారు రంగు కాంటాక్టులు ఉన్న ట్యూబే తీసుకోండి. కాంటాక్టులు లేని చవక ట్యూబ్‌తో అపర్చర్ మార్చలేరు, ఎఫ్ 1.8 దగ్గరే ఇరుక్కుపోతారు. ఇంకోటి, ట్యూబ్ పెట్టాక దూరంగా ఉన్నవేవీ ఫోకస్ అవ్వవు, అది పాడైపోవడం కాదు.

ఎఫ్ 1.8 దగ్గర తీస్తే వెలుతురు ఎక్కువ వస్తుంది కదా అని అడుగుతారు. వస్తుంది, కానీ 0.2 మాగ్నిఫికేషన్‌లో అప్పుడు షార్ప్‌గా ఉండే లోతు రెండు మిల్లీమీటర్లే, కన్ను వస్తే మొప్ప రాదు. ఎఫ్ 8 దగ్గర దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు వస్తుంది, అదీ చేప పక్కకి తిరిగి ఉంటేనే సరిపోతుంది.

మొత్తం ట్యాంక్ ఫొటో కావాలంటే మాక్రోతో కుదరదు. రెండడుగుల ట్యాంక్ మొత్తం రావాలంటే 100 ఎంఎంతో దాదాపు 2.8 మీటర్లు వెనక్కి వెళ్ళాలి, మన హాల్లో సోఫా అడ్డొస్తుంది. దానికి కిట్ లెన్స్ ఉంచుకోండి, 35 దగ్గర పెట్టి మీటరు దూరంలో నుంచుంటే సరిపోతుంది. స్థలం లేదని 18కి తిప్పి దగ్గరకెళ్ళి తీస్తే అంచుల్లో గాజు, నీళ్ళ వల్ల బొమ్మ సాగి రంగు అంచులు వస్తాయి.

6. ఇప్పుడు బాడీ

లెన్స్ తేలాక బాడీ సులువు. ఏపీఎస్-సీ చాలు, అంతకంటే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ అక్కర్లేదు. కెనాన్ 200డీ, 1500డీ, నికాన్ డీ3500, డీ5600, సోనీ ఏ6000 లాంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, ఏదైనా చేపలకి సరిపోతుంది. స్క్రీన్ చూస్తూ ట్యాంక్ ముందు కింద కూర్చుని తీయాలంటే తిరిగే స్క్రీన్, డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉన్న 200డీ సుఖంగా ఉంటుంది. 1500డీలో స్క్రీన్ కదలదు, లైవ్ వ్యూలో (స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు) ఫోకస్ నెమ్మది, వ్యూఫైండర్‌తో తీసుకోవాలి.

చూడాల్సినవి రెండున్నాయి. నికాన్ డీ3500, డీ5600లకి లోపల ఫోకస్ మోటార్ లేదు, పాత ఏఎఫ్-డీ లెన్సులు పెడితే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే, కొనేటప్పుడు ఏఎఫ్-ఎస్ అని రాసుందో లేదో చూడండి. రెండోది ఇంకా ముఖ్యం: కెమెరా పైన ఫ్లాష్ పెట్టే చోట మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉందా? కెనాన్ 200డీ మార్క్ 2, 3000డీలలో ఆ చుక్క లేదు, 1500డీ కొంటుంటే అది కూడా చేత్తో పట్టుకుని చూసుకోండి. అది లేకపోతే మామూలు చవక ట్రిగ్గర్లు (దూరంగా పెట్టిన ఫ్లాష్‌ని కెమెరా నుంచి వెలిగించేవి), వేరే కంపెనీ ఫ్లాషులు చాలావరకు పని చేయవు.

7. ఫ్లాష్

రెండో మెట్టులో నంబర్ 6400 దాటినవాళ్ళకి ఇది తప్పదు, మిగతావాళ్ళకి కూడా ఫొటో రూపమే మారిపోతుంది. గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్, దానికి ట్రిగ్గర్, ఇంతే. ఫ్లాష్‌ని ట్యాంక్ పైన కిందికి తిప్పి పెట్టి, పవర్ 1/8 దగ్గర మొదలుపెట్టి, కెమెరాలో ఎఫ్ 8, ఐఎస్ఓ 400, షట్టర్ 1/160 పెట్టండి. వెలుగు ఎక్కువైతే పవర్ తగ్గించండి, షట్టర్ పెంచకండి. ఈ కెమెరాల్లో 1/200 (సోనీ ఏ6000లో 1/160) దాటితే ఫొటోలో ఒక పక్క నల్ల పట్టీ వస్తుంది.

ప్రమాదం సంగతి గట్టిగా చెప్తున్నా. ఫ్లాష్ లోపల కెపాసిటర్‌లో వందల వోల్టులు ఉంటాయి, అది నీళ్ళలో పడితే ఫ్లాష్ పోవడమే కాదు మీకూ చేపలకీ ప్రమాదం. మూత లేని ట్యాంక్ మీద ఎప్పుడూ పెట్టొద్దు, మందపాటి గాజు మూత వేసి దాని మీద పెట్టండి లేదా పక్కన గట్టి స్టాండ్‌కి బిగించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ అరగంట వాళ్ళని ఆ గదిలోకి రానివ్వకండి. చీకట్లో ఒక్కసారిగా ఫ్లాష్ కొడితే చేపలు బెదిరి గాజుకి కొట్టుకుంటాయి, ట్యాంక్ లైట్ ఆన్‌లోనే ఉంచి తీయండి.

కెమెరా మీదుండే ఫ్లాష్ వాడితే గాజు మీద తెల్లటి మచ్చ పడుతుంది. పక్కకి జరిగి తీస్తే మచ్చ పోతుంది గానీ చేప వంకరగా, అలుక్కుపోయినట్టు వస్తుంది.

పోలరైజర్ ఫిల్టర్ కొనమని షాపులో చెప్తారు, కొనకండి. గాజుకి ఎదురుగా నుంచుంటే అది ప్రతిబింబాన్ని ఆపలేదు, పైగా ఉన్న వెలుతురులో సగం పైనే మింగేస్తుంది. ఆ డబ్బులో చిన్న వంతుకి రబ్బర్ లెన్స్ హుడ్ వస్తుంది, దాన్ని గాజుకి ఆనిస్తే ప్రతిబింబం అసలు రాదు. అది కూడా లేకపోతే నల్ల అట్టకి లెన్స్ పట్టేంత రంధ్రం చేసి తగిలించండి.

8. సెకండ్ హ్యాండ్ అయితే ఇలా చూడండి

లెన్స్‌లోకి ఒకవైపు నుంచి టార్చ్ కొట్టి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, తీసుకోవద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో వాడిన లెన్సులకి ఇది బాగా పడుతుంది, ఇంకా జాగ్రత్త. తర్వాత ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడని తీసి జూమ్ చేయండి, నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము, అది తుడిపించుకోవచ్చు, ధర తగ్గించమనండి. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో ఆ లెక్క) అడగండి.

అన్నిటికంటే మంచి పరీక్ష, అమ్మేవాళ్ళని ఏదైనా చేపల షాపు దగ్గరికి రమ్మనండి. షాపతన్ని అడిగి, ఒక పది గప్పీలో నియాన్లో కొంటానంటే కాదనరు, ట్యాంక్ ముందు అయిదు నిమిషాలు తీయండి. మీ మెమరీ కార్డ్ వేసుకుని తీసి ఇంటికెళ్ళి కంప్యూటర్‌లో చూశాకే డబ్బులివ్వండి.

9. మొదటి రోజు తీసి సరిచూసుకోండి

నీళ్ళు మార్చిన రోజు కాకుండా మర్నాడు తీయండి, అప్పటికి మురికి కిందికి దిగుతుంది. గాజు లోపల పాచి, బయట బోర్ నీళ్ళ తెల్ల చారలు తుడవండి. రూమ్ లైట్లు, ఫ్యాన్ ఆపి, ఎయిర్ పంప్, ఫిల్టర్ ఆపండి. కెమెరా గాజుకి నిటారుగా ఉండాలి, ఏ వైపూ వాలకూడదు. రా ఫార్మాట్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్) పెట్టండి, రంగు తర్వాత సరిచేసుకోవచ్చు. నీలం లైట్ ఉన్న మెరైన్ ట్యాంక్ అయితే రా కూడా చాలదు, లెన్స్ ముందు ఆరెంజ్ ఫిల్టర్ పెట్టాలి.

చేప వెంట కెమెరా తిప్పకండి. ముందు పక్కన ఒక మొక్క దగ్గర ఫోకస్ పెట్టి, ఆటోఫోకస్ ఆపేసి, అక్కడ చిటికెడు మేత వేసి కూర్చోండి, చేప ఆ చోటుకి వచ్చినప్పుడు నాలుగైదు వరుసగా కొట్టండి.

తర్వాత ఫొటోని కన్ను దగ్గర వంద శాతం జూమ్ చేసి చూడండి. మొక్కలు షార్ప్‌గా ఉండి చేప ఒక్కటే అలుక్కుపోతే షట్టర్ నెమ్మది, ఫ్లాష్ లేకుండా తీస్తుంటే 1/250కి పెంచండి. చేప వెనకున్న మొక్క షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది. అంతా మసగ్గా ఉంటే గాజు మురికిదో, చెయ్యి కదిలిందో. చేప అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలుంటే మీరు వాలుగా తీశారు. అడ్డచారలుంటే లైట్ మినుకు. గోల్డ్ ఫిష్ ఒంటి మీద పొలుసులు కనబడకుండా ఒకటే ఎరుపు ముద్దగా ఉంటే ఎక్స్‌పోజర్ ఎక్కువైంది, ఒక మెట్టు తగ్గించి మళ్ళీ తీయండి. మొదటి రోజు 200 తీస్తే పది మంచివి వచ్చాయంటే బాగా తీసినట్టే. లెన్స్ తప్పు, బాడీ తప్పు అని మళ్ళీ షాపుకి పరిగెత్తే ముందు పైనవన్నీ ఒక్కొక్కటి చూడండి.

కెమెరాని ట్యాంక్ పక్క అల్మారాలో పెట్టొద్దు, అక్కడ తేమ ఎక్కువ, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. డబ్బా మూత పెట్టే ముందు ఫిల్టర్, ఎయిర్ పంప్ స్విచ్‌లు మళ్ళీ వేశారో లేదో చూడండి, ఫొటోలు చూసుకునే సరదాలో మర్చిపోయి రాత్రంతా ఆపేస్తే తెల్లారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ ఉంటాయి.